ముందు రూపం గీసి, తర్వాత పన్ను అరగదీయడం: ప్రాజెక్టు డైరీ

అసలు ప్రశ్న

దవడ పన్నుకి క్రౌన్ (క్యాప్) వెయ్యాలంటే పైనుంచి ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు తీయాలని కాలేజీలో నేర్పుతారు, అందరం అలాగే తీస్తాం. కానీ ఆ రెండు మిల్లీమీటర్లు ఎక్కణ్ణుంచి కొలవాలి? ఇప్పుడు నోట్లో కనిపిస్తున్న పన్ను పైభాగం నుంచా, రేపు క్రౌన్ పెట్టాక ఉండబోయే పైభాగం నుంచా? పన్ను అరక్కుండా, విరక్కుండా నిండుగా ఉంటే రెండూ ఒకటే. అరిగిన పన్నుకి, మూల విరిగిన పన్నుకి మాత్రం ఆ రెండింటి మధ్య అర మిల్లీమీటరు తేడా సులువుగా వస్తుంది, విరిగిన చోట ఇంకా చాలా ఎక్కువ. మోలార్ (దవడ పన్ను) కస్పుల మీద, అంటే నమిలే వైపు ఉండే మిట్టల మీద, ఎనామిల్ (పన్ను పైపొర) మందమే రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. అందులో అర మిల్లీమీటరు ఊరికే పోతే నాకు ప్రాణం చివుక్కుమంటుంది, ఎనామిల్ మళ్ళీ పెరిగేది కాదు.

అందుకే ఈ ప్రాజెక్టు. పన్ను ముట్టుకోకముందే చివరి రూపాన్ని కంప్యూటర్లో గీసి, దాని నుంచి లోపలికి కొలుచుకుంటూ వెళ్తే ఎక్కడ ఎంత తీయాలో, ఎక్కడ అసలు తీయక్కర్లేదో ముందే తెలియాలి. మామూలుగా డిజైన్ సాఫ్ట్‌వేర్ దగ్గరికి కేసు వెళ్ళేది అరగదీయడం అయిపోయాకే, అప్పటికి దాని చేతిలో ఉండేది మిగిలిన చోటులో సర్దుకోవడం ఒక్కటే. నాకు ఆ వరస తిరగేయాలని ఉంది. సరంజామా పెద్దగా ఏమీ లేదు: పైథాన్, అందులో నమ్‌పై, ట్రైమెష్, ఓపెన్‌త్రీడీ, కంటితో చూసుకోడానికి మెష్‌ల్యాబ్, చెక్కుకోడానికి బ్లెండర్.

ఇక పన్ను సంగతి. కింద కుడివైపు మొదటి మోలార్, ఎఫ్‌డీఐ లెక్కలో, అంటే పళ్ళకి రెండంకెల నంబర్లిచ్చే అంతర్జాతీయ పద్ధతిలో, 46; దాని ముందువి 45, 44, వెనకది 47. పాత వెండి ఫిల్లింగు పైభాగంలో సగం ఆక్రమించి ఉంది, నాలుక వైపు వెనక కస్ప్ విరిగిపోయింది. కింది మోలార్లలో ఎక్కువగా విరిగేవి నాలుక వైపు కస్పులే. పన్ను బతికే ఉంది, చల్లటిది తగిలిస్తే వెంటనే తెలుస్తోంది, తట్టి చూస్తే నొప్పి లేదు. పేషెంట్‌గా వచ్చిన ఆవిడ అడిగిన మొదటి మాట, "క్యాప్ వేస్తే పన్నంతా అరగదీసేస్తారట కదండీ డాక్టర్ గారూ?" అని. "ఎంత తీయాలో ముందు కొలిచి మీకు చూపిస్తానండీ, ఆ తర్వాతే మొదలుపెడదాం" అన్నాను. స్కాన్లు ఈ పనికి వాడుకోవడానికి, పేరు లేకుండా రాయడానికి ఒప్పుకున్నారు.

స్కాన్లు

రెండు దవడలూ పూర్తిగా స్కాన్ చేశాను. ఒక్క పన్ను కోసం పూర్తి దవడ ఎందుకంటే, ఎడమవైపు ఉన్న దీని జంట 36 నాకు తర్వాత కావాలి. స్కానర్ చిన్న చిన్న ముక్కలుగా చూసి ఒకదానికొకటి అతికిస్తూ పోతుంది, ప్రతి అతుకులోనూ కొన్ని మైక్రాన్ల తేడా చేరుతుంది, ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేసరికి అవన్నీ కలిసి దవడ ఆకారం కాస్త వంకరపోవచ్చు. నాకది అడ్డం కాదు, 36ని విడిగా కత్తిరించి తెచ్చుకుంటాను కాబట్టి ఆ పన్ను మటుకు సరిగ్గా ఉంటే చాలు. పళ్ళు బాగా ఆరబెట్టి, ముందు నమిలే వైపు, తర్వాత నాలుక వైపు, చివర బుగ్గ వైపు. 47 వెనక భాగంలో ఉమ్మి చేరుతూనే ఉంటుంది, అక్కడ ఓపిక పట్టాల్సిందే.

స్కానర్ ఇచ్చే ఎస్‌టీఎల్ ఫైల్లో త్రిభుజాలు తప్ప ఏమీ ఉండవు. రంగు ఉండదు, కొలమానం కూడా ఉండదు, 11 అని ఉంటే అది మిల్లీమీటర్లో అంగుళాలో ఫైలు చెప్పదు, దంతవైద్యంలో మిల్లీమీటర్లే అని అందరం అనుకుంటున్నాం కాబట్టి నడిచిపోతోంది. రంగు లేకపోతే చిగురు ఎక్కడ ఆగి పన్ను ఎక్కడ మొదలైందో, ఫిల్లింగు అంచు ఎక్కడుందో కనిపెట్టడం కష్టం. అందుకని రంగు కూడా దాచే పీఎల్‌వై ఫైలు కూడా తీసి పెట్టుకున్నాను. ఈ పని చేసేవాళ్ళు ఎవరైనా సరే పీఎల్‌వై తప్పకుండా దాచుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

బైట్ (పళ్ళు కలిసే తీరు) దగ్గర ఆగిపోయాను

పై దవడ, కింది దవడ విడివిడిగా స్కాన్ అవుతాయి. పళ్ళు కలిపి ఉంచి బుగ్గ వైపు నుంచి తీసిన చిన్న స్కాన్ ఆధారంగా సాఫ్ట్‌వేర్ ఆ రెంటినీ ఒకదానిమీద ఒకటి కూర్చోబెడుతుంది. ఈ చిన్న స్కానే మొత్తం ప్లానుకి ఆయువుపట్టు. ఇది ఒక పదో వంతు మిల్లీమీటరు అటూ ఇటూ అయితే తర్వాత గీసేదంతా అంతే తేడాతో వస్తుంది, తెర మీద మాత్రం ఎంతో అందంగా కనిపిస్తుంది.

కాబట్టి రాసిన మొదటి స్క్రిప్టు దీనికోసమే. కింది దవడ మీద ఉన్న ప్రతి బిందువు నుంచి పై దవడ మెష్‌కి (త్రిభుజాలతో అల్లిన రూపానికి) దూరం కొలుస్తుంది, గుర్తుతో సహా. ప్లస్ అయితే మధ్యలో ఖాళీ ఉన్నట్టు, మైనస్ అయితే ఒక మెష్ రెండోదానిలోకి దూరినట్టు. నోట్లో పళ్ళు ఒకదానిలోకి ఒకటి దూరవు కదా, మైనస్ ఎక్కువగా ఉందంటే ఎక్కడో తేడా ఉంది.

47 దగ్గర మైనస్ 0.15 వచ్చింది, 44, 45 దగ్గర సన్నటి ఖాళీ. నోట్లో 8 మైక్రాన్ల షిమ్‌స్టాక్ రేకు పెట్టి లాగి చూస్తే మాత్రం 44, 45, 47 మూడూ ఒకేలా పట్టుకుంటున్నాయి. రేకు చెప్పేది ఒకటి, తెర చెప్పేది ఇంకొకటి. స్కాన్ తీస్తున్నప్పుడు ఆవిడ గట్టిగా కొరికి పట్టుకున్నారు. పన్ను ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు, మధ్యలో సన్నటి లిగమెంట్ ఉంటుంది, గట్టిగా కొరికితే పన్ను అందులోకి కొంచెం దిగుతుంది, కింది దవడ ఎముక కూడా కాస్త వంగుతుంది. విడివిడి స్కాన్లలో ఉన్న పళ్ళేమో ఏ బరువూ లేనివి. ఈ రెండు స్థితులనీ కలిపితే మెష్‌లు ఒకదానిలోకి ఒకటి దూరక ఏం చేస్తాయి?

మళ్ళీ తీశాను, ఈసారి "మెల్లగా కలపండి చాలు, నొక్కొద్దు" అని చెప్పి, కుడివైపు ఎడమవైపు రెండూ. ఒకే వైపు తీస్తే రెండో వైపు దవడ ఒరిగిపోయే అవకాశం ఉంటుంది. ఇప్పుడు మ్యాప్‌లో రంగు పడ్డ చోట్లూ, రేకు పట్టిన చోట్లూ ఒకటే. ఇది కుదిరేదాకా ముందుకి వెళ్ళకూడదని నా గట్టి నమ్మకం.

చివరి రూపం ఎక్కణ్ణుంచి తేవాలి

సాఫ్ట్‌వేర్ లైబ్రరీల్లో పళ్ళు చాలా అందంగా ఉంటాయి, కస్పులు ఎత్తుగా, గాళ్ళు లోతుగా, అప్పుడే మొలిచిన పన్నులాగా. అరిగిన నోట్లో అలాంటి పన్ను పెడితే నిలువుగా కలిపినప్పుడు సరిపోయినట్టే ఉంటుంది, దవడ పక్కకి కదిలించగానే ఆ ఎత్తు కస్పులు ఎదుటి పన్నుకి తగులుతాయి. అదే నోట్లో, అంతే కాలం నమిలిన 36 ఉండగా లైబ్రరీ దాకా పోవడం దేనికి?

అద్దంలో బొమ్మలా తిప్పడం కోడ్‌లో ఒక్క లైను. ఎక్స్ విలువలన్నిటికీ మైనస్ పెడితే ఎడమ కుడి అవుతుంది. కాకపోతే త్రిభుజాల కొనల వరస కూడా తిరగబడి మెష్ లోపలి వైపు బయటికి వస్తుంది, ప్రతి త్రిభుజంలో రెండు కొనల్ని అటూ ఇటూ మార్చాలి. ఇది చెయ్యకపోతే తర్వాత వచ్చే దూరాల గుర్తులన్నీ తలకిందులవుతాయి. ఆ తర్వాత తిప్పిన 36ని 46 మీద కూర్చోబెట్టడానికి ఐసీపీ వాడాను, 1992లో బెస్ల్, మెక్కే రాసిన పేపర్‌తో పేరొచ్చిన పద్ధతి: దగ్గరి బిందువుల్ని జతకట్టడం, జతల మధ్య దూరం తగ్గేలా కదపడం, మళ్ళీ జతకట్టడం, ఇలా కదలిక ఆగేదాకా. జతకట్టడానికి 46లో బాగున్న భాగాలే ఇచ్చాను, అంటే బుగ్గ వైపు గోడ, నాలుక వైపు ముందు కస్ప్ బయటి వైపు. విరిగిన చోటు, అరిగిన చోటు ఇస్తే అది వాటికి సర్దుకోడానికి చూసి మొత్తం పన్నుని కిందికి లాగేస్తుంది.

కూర్చుంది. బుగ్గ వైపు గోడలో రెండు మెష్‌లకీ తేడా దాదాపు లేదు, చూడ్డానికే ఎంత హాయిగా అనిపించిందో. ఎదుటి 16 (పై దవడ మోలార్) నాలుక వైపు ముందు కస్ప్ మధ్య గుంటలో పడాలి, పడింది. ఒక్క చోట పేచీ వచ్చింది. కస్ప్ విరిగి ఖాళీ ఏర్పడిన వైపు 16 కొంచెం కిందికి దిగింది, ఎదురుగా ఆసరా పోయిన పన్ను అలా దిగడం మామూలే. అక్కడ గీసిన రూపం 16లోకి 0.3 మి.మీ. దూరుతోంది. 16ని కొంచెం పాలిష్ చేస్తే పోతుందని ఒక దారి, గీసిన కస్ప్‌నే ఆ మేరకు తగ్గించాలని ఇంకో దారి. ఏ జబ్బూ లేని పన్నుని ఒక డ్రాయింగు కోసం ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కస్ప్ తగ్గించాను.

పక్క కదలికల కోసం సగటు విలువల ఆర్టిక్యులేటర్ (దవడ కదలికల్ని అనుకరించే పరికరం) ఒకటి కోడ్‌లోనే కట్టాను. 19వ శతాబ్దంలో బాన్విల్ చెప్పిన త్రిభుజం, రెండు కండైళ్ళూ (దవడ కీలు తలలు) కింది ముందు పళ్ళ మధ్య బిందువూ కలిపితే భుజం 4 అంగుళాలు, దాని మీద కండైల్ దారి వాలు 30 డిగ్రీలు, పక్కకి జరిగేటప్పుడు కండైల్ లోపలికి తిరిగే బెన్నెట్ కోణం 15. ఇవి సగటు మనిషివి, ఆవిడవి కావు, అది గుర్తు పెట్టుకునే చూడాలి. ఎడమవైపుకి జరిపి చూస్తే బుగ్గ వైపు వెనక కస్ప్ లోపలి వాలు తగులుతోంది, బ్లెండర్లో ఆ వాలు కాస్త చదును చేశాను. మళ్ళీ జరిపితే తగల్లేదు.

ఇక్కడో మాట చెప్పాలి. 1970ల మొదట్లో ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా డ్యూరే కాంతితో కొలత తీసుకోవడం గురించి రాశాడు, 1985లో జూరిక్ విశ్వవిద్యాలయంలో మోర్మాన్, బ్రాండెస్టీని తయారుచేసిన సెరెక్ యంత్రంతో మొదటి ఇన్‌లే (పన్ను లోపల అమరే ఫిల్లింగు ముక్క) వేశారు. ఆ మొదటి యంత్రం నమిలే వైపు రూపం చెక్కలేకపోయేది, దాన్ని డాక్టరు పేషెంట్ నోట్లోనే బర్ (అరగదీసే మొన) పట్టుకుని చేత్తో దిద్దాల్సిందే. అంటే అప్పట్లో చివరి రూపం నిజంగానే చిట్టచివర వచ్చేది. యంత్రాలు మారి ఇన్నేళ్ళయినా మనం పని చేసే వరస మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయింది.

తేడా మ్యాప్

ఈ ప్రాజెక్టుకి గుండెకాయ ఇదే. గీసిన రూపం నుంచి లోపలికి ఒకటిన్నర మిల్లీమీటరు వెళ్తే అరగదీసిన పన్ను ఎక్కడ ఉండాలో ఆ ఉపరితలం వస్తుంది, దాన్నీ ఇప్పటి పన్నునీ పోలిస్తే ఎక్కడ ఎంత తీయాలో వస్తుంది. వినడానికి తేలిక. ప్రతి బిందువునీ లోపలికి నెట్టేస్తే సరిపోతుందనిపిస్తుంది గానీ, వంపు గట్టిగా ఉన్న చోట పక్కపక్క బిందువులు ఒకదాన్నొకటి దాటుకుపోయి మెష్ తనలో తానే చిక్కుపడిపోతుంది. కస్ప్ మొన దగ్గరైతే మరీ.

కాబట్టి వాక్సెల్ దారి పట్టాను. పన్ను చుట్టూ ఉన్న చోటునంతా 0.05 మి.మీ. గళ్ళుగా కోసి, ప్రతి గడి నుంచి గీసిన రూపానికి దూరం కట్టి, ఆ దూరం సరిగ్గా ఒకటిన్నర ఉన్న చోట్లన్నీ కలుపుతూ ఉపరితలం తీయడం. చివరి పనికి మార్చింగ్ క్యూబ్స్, 1987 నాటి లోరెన్సన్, క్లైన్ల పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించింది నాకు అవసరం పడలేదు. 11 మి.మీ. ఘనం తీసుకుంటే ఒక్కో వైపు 220 గళ్ళు, మొత్తం కోటికి పైగా. లాప్‌టాప్ కాసేపు ఆలోచిస్తుంది కానీ చేస్తుంది.

తీరా మ్యాప్ వచ్చాక తెర ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. బుగ్గ వైపు ముందు కస్ప్ అరిగి ఉంది కదా, చివరి రూపం దాని కంటే 0.6 మి.మీ. పైన ఉంది. ఒకటిన్నర చోటు కావాలంటే తీయాల్సింది 0.9 మాత్రమే. పుస్తకం ప్రకారం ఉన్న ఉపరితలం నుంచి ఒకటిన్నర తీసి ఉంటే ఆ 0.6 వృథా. బుగ్గ వైపు వెనక కస్ప్ దగ్గర తేడా 0.4, అక్కడ తీయాల్సింది 1.1. విరిగిన కస్ప్ దగ్గర తీయాల్సింది సున్నా, అంచు నునుపు చేసుకుంటే చాలు. నాలుక వైపు ముందు కస్ప్ మాత్రం అరగలేదు. దాన్ని అలాగే వదిలేద్దామా అని చాలాసేపు చూశాను. రంగు స్కాన్‌లో ఫిల్లింగు అంచు నుంచి బయటి గోడ దాకా కొలిస్తే రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, ఫిల్లింగు పక్కనే సన్నటి పగులు గీత కూడా ఉంది. పక్క కస్ప్ విరిగిన దారిలోనే ఇదీ పోతుంది. కప్పాల్సిందే, అక్కడ పూర్తిగా ఒకటిన్నర.

మ్యాప్ చెప్పిన ఇంకో సంగతి అంతకన్నా పెద్దది. బుగ్గ వైపు గోడ అంతా ఆకుపచ్చ, అంటే పన్ను ఇప్పటికే చివరి రూపంలోనే ఉంది. పూర్తి క్రౌన్ వేస్తే ఆ గోడని మిల్లీమీటరు దాకా తీసి, తీసినంత మందం పింగాణీతో మళ్ళీ అదే రూపం కట్టాలి. దేనికి? 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్సన్ వెనక పళ్ళని తూచి మరీ చూస్తే, పూర్తి క్రౌన్ కోసం పన్నులో చిగురు పైన ఉండే భాగంలో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకా పోతోందని తేలింది. ఈ కేసు క్రౌన్‌గా మొదలైంది, మ్యాప్ చూశాక ఓవర్‌లేగా మారింది: కస్పులన్నీ కప్పుతుంది, పక్క గోడల జోలికి పోదు, అంచు చాలావరకు ఎనామిల్ మీదే ఉంటుంది. బాండింగ్‌కి ఎనామిల్ కంటే మంచి చోటు లేదు.

మెటీరియల్ గురించి క్లుప్తంగా

వంచితే తట్టుకునే బలంలో జిర్కోనియాకి పోటీ లేదు, గట్టి రకాలు 1000 ఎంపీఏ (మెగాపాస్కల్, బలం కొలిచే ప్రమాణం) అటూ ఇటూ, లిథియం డైసిలికేట్ పింగాణీ అందులో సగానికి తక్కువే. కానీ రెండోదాన్ని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో గరుకు చేసి, సైలేన్ (అతుక్కునేలా చేసే రసాయనం) పూసి, రెజిన్‌తో పన్నుకి ఏకం చెయ్యొచ్చు. ఓవర్‌లేకి పక్క గోడల పట్టు ఉండదు, నిలబడాల్సింది బాండ్ మీదే. అందుకే లిథియం డైసిలికేట్.

పెట్టే దారి

ప్రతి త్రిభుజం ముఖం ఎటు చూస్తోందో దాన్నీ, ఓవర్‌లే దిగే దిక్కునీ గుణించి చూస్తే అండర్‌కట్ (దిగకుండా అడ్డుపడే లోపలి వంపు) ఎక్కడుందో ఎరుపులో వస్తుంది, ఇది అన్ని సాఫ్ట్‌వేర్లూ చేసేదే. నాకు తెలుసుకోవాలనిపించింది పక్క పళ్ళ సంగతి. 47 ముందుకి కాస్త వాలి ఉంది. ఓవర్‌లే తన పన్ను మీదికి దిగగలిగినా 45కీ 47కీ మధ్య సందులోంచి రాగలగాలి కదా. నిలువు అక్షం చుట్టూ 15 డిగ్రీల లోపల దిక్కులన్నీ వెతికించి, పన్నులో అండర్‌కట్ లేకుండా, పక్క పళ్ళకీ తగలకుండా ఉండే దిక్కులు ఏరితే మిగిలినవి కొద్దిగా ముందుకి ఒరిగినవి మాత్రమే. ఆ దిక్కుని రాసి పెట్టుకున్నాను, అరగదీసేటప్పుడు బర్ పట్టుకునే కోణం అదే.

ప్లాను నోట్లోకి ఎలా వెళ్ళాలి

తెర మీద 0.9 అని రాసి ఉంటే నా చేతికి ఎలా తెలుస్తుంది? ముందు పళ్ళ వెనీర్లకి (పైన అతికించే పలుచని పెంకులకి) చాలామంది వాడే పద్ధతే ఇక్కడా వాడాను. గీసిన రూపాన్ని మోడల్‌గా ప్రింట్ చేసి, దాని మీద సిలికోన్ అచ్చు తీసి, ఆ అచ్చులో తాత్కాలిక రెజిన్ పోసి నోట్లో 46 మీద నొక్కితే చివరి రూపం పన్ను మీదికి వచ్చేస్తుంది. ఆవిడ కలిపి చూశారు, పక్కకి జరిపి చూశారు. "పన్ను మళ్ళీ మొలిచినట్టుందండీ" అన్నారు. 40 మైక్రాన్ల రంగు కాగితం పెడితే మధ్య గుంటలో చుక్క, వెనక కస్ప్ వాలు మీద ఏమీ లేదు. సగటు ఆర్టిక్యులేటర్ ఇక్కడ సరిగ్గానే చెప్పింది.

తర్వాత 1.5 మి.మీ. లోతు బర్‌తో ఆ రెజిన్ పైనుంచే గాళ్ళు తీశాను, గాళ్ళ అడుగున పెన్సిల్ గీసి రెజిన్ ఊడదీశాను. పన్ను మీద మిగిలిన గీతలు చూడాలి మీరు. బుగ్గ వైపు ముందు కస్ప్ మీద లోతు తక్కువగా ఒక గాడి, పక్క కస్ప్ మీద దానికంటే కొంచెం లోతు, నాలుక వైపు ముందు కస్ప్ మీద పూర్తి లోతు, విరిగిన చోట పెన్సిల్ గీత కూడా పడలేదు. మ్యాప్‌లో రంగులుగా చూసినదే పన్ను మీద గీతలుగా కనిపిస్తోంది. గాళ్ళు మాయమయ్యేదాకా తీసి ఆపేశాను. పాత ఫిల్లింగు తీశాక కింద కాస్త పుచ్చు ఉంది, శుభ్రం చేసి డెంటిన్ (ఎనామిల్ కింది పొర) మీద అప్పుడే బాండింగ్ పూసి, గుంటని కాంపోజిట్‌తో నింపాను.

ఇక మూలలు. మిల్లింగ్ యంత్రంలో బర్ కొన 1 మి.మీ. వ్యాసం అనుకుంటే, అర మిల్లీమీటరు కంటే తక్కువ గుండ్రం ఉన్న అంచు మీద కూర్చునే లోపలి మూలని అది చెక్కలేదు. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే ఆ మూల చుట్టూ లోపలి నుంచి ఎక్కువ తవ్వేస్తుంది, అక్కడ పింగాణీ పలచబడుతుంది, కింద సిమెంటు మందమవుతుంది. జిర్కోనియాకి ఈ ఇబ్బంది కాస్త తక్కువ, దాన్ని 20 నుంచి 25 శాతం పెద్దదిగా చెక్కి 1500 డిగ్రీల దగ్గర కాలిస్తే కుంచించుకుని అసలు సైజుకి వస్తుంది, కాబట్టి అదే బర్ దామాషాలో సన్నగా పనిచేసినట్టు. లిథియం డైసిలికేట్‌కి ఆ వెసులుబాటు లేదు. అందుకని అరగదీశాక ఒక స్కాన్ తీసి, వంపు లెక్కగట్టి, అర మిల్లీమీటరు కంటే పదునుగా ఉన్న అంచులకి ఎరుపు వేయించాను. నాలుక వైపు కస్ప్ అంచు ఎర్రబడింది. ఆవిడ ఇంకా కుర్చీలోనే ఉన్నారు, డిస్క్‌తో గుండ్రం చేసి మళ్ళీ స్కాన్ చేస్తే పోయింది. ఈ తనిఖీ కుర్చీ పక్కన జరగాలి, ల్యాబ్‌లో కాదు. ల్యాబ్‌లో తెలిస్తే అప్పటికి ఎవరూ ఏమీ చేయలేరు.

మార్జిన్ గీత

మార్జిన్, అంటే ఓవర్‌లే పన్నుతో కలిసే అంచు, కనిపెట్టడానికి కూడా కోడ్ రాశాను. వంపు ఎక్కువున్న అంచుల వెంట నడిస్తే ఖర్చు తక్కువ, చదును మీద నడిస్తే ఎక్కువ అని పెట్టి, డైక్‌స్ట్రా పద్ధతిలో అతి చవకైన దారి వెతకడం. బుగ్గ వైపు, ముందు వైపు చక్కగా అంచు వెంటే పోయింది. విరిగిన చోట అంచు చిగురు దాకా దిగింది, అక్కడ చిగురుని పక్కకి నెట్టే రిట్రాక్షన్ కార్డ్ (దారం) పెట్టినా చిగురు పన్నుకి ఆనుకునే ఉంది, ఎస్‌టీఎల్‌లో పన్నూ చిగురూ కలిసిపోయి ఒకే వాలుగా ఉన్నాయి. గీత అక్కడ చిగురెక్కేసింది. పీఎల్‌వై రంగులో చూస్తే తెలుపు ఎక్కడ ఆగిందో స్పష్టంగా ఉంది, ఆ ముక్క చేత్తో గీశాను. వంపుతో పాటు రంగు మార్పుని కూడా ఖర్చులో కలపాలి, తర్వాతి వెర్షన్‌లో అదే మొదటి పని.

మెక్లీన్, వాన్ ఫ్రాన్‌హోఫర్ 1971లో చెప్పిన 120 మైక్రాన్ల హద్దుని ఇప్పటికీ అందరం పట్టుకుని ఉన్నాం, అంచులో అంతకంటే ఖాళీ ఉండకూడదని. గీతే పావు మిల్లీమీటరు పక్కకి పోతే ఆ హద్దు గురించి మాట్లాడుకోవడం దండగ.

డిజైన్, మిల్లింగ్

ఇక్కడ రాయడానికి పెద్దగా లేదు, చాలావరకు ముందే అయిపోయింది కాబట్టి. చివరి రూపం ఉంది, లోపలి ఉపరితలం స్కాన్‌లో ఉంది, సిమెంటుకి 50 మైక్రాన్లు వదిలాను, అంచు దగ్గర దాన్ని తగ్గించాను. కనీస మందం స్క్రిప్టు నడిపితే మధ్య గాడి అడుగున 1.3 వచ్చింది. కస్పుల మీద ఒకటిన్నర ఉందని సంతోషపడితే చాలదు, పగులు మొదలయ్యేది గాడి అడుగునే, అక్కడ పదునైన వంపూ తక్కువ మందమూ కలిసి వస్తాయి. గాడిని పైకి తెచ్చి, అడుగు గుండ్రం చేసి, ఒకటిన్నరకి తెచ్చాను. గాడి లోతు తగ్గితే అందం కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి.

బ్లాక్ చెక్కేటప్పుడు నీలి ఊదా రంగులో ఉంటుంది, అప్పటికింకా పూర్తిగా స్ఫటికీకరణ కాలేదు, అందుకే బర్‌కి లొంగుతుంది. ఆ రంగులో ఉండగానే నోట్లో మెల్లగా పెట్టి చూశాను, ఈ దశలో గట్టిగా కొరకనివ్వకూడదు. దారి సరిపోయింది, కొద్దిగా ముందుకి వంచి పెడితే సందులోంచి ఇబ్బంది లేకుండా దిగింది. 47 వైపు ఫ్లాస్ గట్టిగా పట్టింది, రబ్బరు పాలిషర్‌తో కొంచెం తీస్తే టక్కుమని దిగుతోంది. తర్వాత కొలిమిలో 850 డిగ్రీల దగ్గర కాల్చితే పన్ను రంగుకి వచ్చింది.

అంటించడం

ఉమ్మి తగలకుండా రబ్బరు డ్యామ్ (షీటు) పెట్టి, పింగాణీకి యాసిడ్, సైలేన్, పన్నుకి ఫాస్ఫారిక్ యాసిడ్, బాండింగ్, రెజిన్. విరిగిన వైపు అంచు చిగురుకి దగ్గర కాబట్టి అక్కడ డ్యామ్‌ని ఫ్లాస్‌తో కట్టి కిందికి లాగాల్సి వచ్చింది, టైమంతా దానికే పట్టింది. ప్రోబ్‌తో అంచంతా తడిమితే కొన ఎక్కడా పట్టుకోలేదు. కాగితం పెడితే మధ్య గుంటలో చుక్క, మాక్-అప్‌లో (ముందు రెజిన్‌తో చూసిన నమూనాలో) పడ్డ చోటే. షిమ్‌స్టాక్ 44, 45, 46, 47 నాలుగింటి మీదా పట్టింది. పక్క కదలికలో తగలడం లేదు.

అరగదీయక ముందు, తర్వాత స్కాన్లని పక్కపక్కన పెట్టి ఆవిడకి చూపించాను, ఎక్కడెక్కడ తీయలేదో కూడా. బుగ్గ వైపు గోడ మీద చాలాసేపు వేలు పెట్టి చూపిస్తూ అడిగారు, "ఇదంతా నా పన్నేనా?" అని. "మీదేనండీ."

ఇంకా చేయాల్సినవి

ఉపరితల స్కాన్‌లో పల్ప్ (పన్ను లోపలి నరాల భాగం) కనిపించదు. మ్యాప్ ఎంత తీయాలో చెబుతుంది కానీ తీసిన తర్వాత పల్ప్ ఎంత దూరంలో ఉంటుందో చెప్పదు. సీబీసీటీ (త్రీడీ ఎక్స్‌రే) ఉంటే దాన్ని ఇదే మెష్‌కి జతచేసి ఆ దూరం కూడా చూపించొచ్చు, అయితే స్క్రిప్టు కోసమని ఎవరికీ రేడియేషన్ ఇవ్వను, వేరే కారణంతో ఇప్పటికే సీబీసీటీ తీసిన కేసులతోనే పరీక్షిస్తాను. లోహం ఉన్న చోట వచ్చే చారలు ఆ జతని ఎంత పాడుచేస్తాయో ముందు చూసుకోవాలి.

మందం ఒకటిన్నర అని కోడ్‌లో ఒక్కచోట రాసి పెట్టాను, దాన్ని మెటీరియల్‌ని బట్టి, కస్ప్‌కి ఒకటి గాడికి ఒకటి ఇచ్చుకునేలా మార్చాలి. మార్జిన్‌కి రంగు కలపడం పైన చెప్పాను. ఆ తర్వాత బ్రిడ్జి (పోయిన పన్ను చోట పక్క పళ్ళ ఆసరాతో కట్టేది): రెండు పళ్ళు, రెండింటికీ కలిపి ఒకే దారి, ఒకటి ఇటు వాలి ఇంకొకటి అటు వాలి ఉంటే ఏ పన్ను నుంచి ఎంత తీస్తే మొత్తం నష్టం తక్కువో లెక్క తేలాలి. దిక్కులు వెతికే కోడ్ ఉంది కాబట్టి, ప్రతి దిక్కుకీ రెండు పళ్ళలోనూ పోయే ఘనపరిమాణం కట్టి పోల్చడం దగ్గర్నుంచి మొదలుపెడతాను.